కౌంటీ కీపరు, టెన్నిస్ బంతి

ఇంగ్లాండులో జీతం పుచ్చుకుని క్రికెట్ ఆడిన మనిషి తమ టీములోకి వస్తోందని తెలిసిన రోజున టొరంటో శివారు ఎటోబికోలోని తెలుగు కుర్రకారు కాళ్ళు నేల మీద నిలవలేదు. మనవాళ్ళకి ఉత్సాహం వస్తే పట్టపగ్గాలుండవు కదా! కెప్టెన్ రేవంత్ వాట్సాప్ గ్రూపులో ఏకంగా పోస్టరే పెట్టేశాడు. దమయంతి ఫొటో, వెనకాల మంటలు, మంటల్లోంచి దూకుతున్న సింహం, కింద 'ఇంగ్లాండ్ ప్రో వచ్చేసింది' అని ఎర్రటి అక్షరాలు. ముప్ఫయ్యారేళ్ళ దమయంతి అది చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక, ఎవరూ చూడకుండా ఇంకోసారి తెరిచి చూసుకుంది. సింహం బాగానే ఉందనిపించింది.

ప్రో అన్న మాట అబద్ధం కాదు. ఆమె పుట్టిందీ పెరిగిందీ లెస్టర్‌లో. తండ్రి వీర్రాజు కాకినాడ నుంచి వెళ్ళి అక్కడి బస్సు డిపోలో మెకానిక్కుగా స్థిరపడ్డాడు. డిపో వాళ్ళకో ఆదివారం టీము ఉండేది. ఒకనాడు కీపరు రాలేదు. ఆట చూడ్డానికి వచ్చిన కూతురికి వీర్రాజు గ్లవ్స్ తొడిగి, "ఊరికే నించో అమ్మా, వచ్చింది ఆపితే చాలు" అన్నాడు. ఆ గ్లవ్స్ మోచేతుల దాకా వచ్చాయి. పిల్ల మాత్రం వచ్చిన బంతులన్నీ ఆపింది, తనవైపు రానివాటి కోసం కూడా దూకింది. ఆ తరవాత ఆమెని వికెట్ల వెనక నుంచి కదిలించడం ఇంట్లో ఎవరి తరమూ కాలేదు.

కౌంటీ జట్టులోకి, అంటే అక్కడి జిల్లా జట్టులోకి, వచ్చాక కూడా చాలా ఏళ్ళు చేతికి పైసా రాలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ క్రికెట్ అంటే రైలు ఛార్జీలూ సొంతవే, మధ్యాహ్నం తినే శాండ్‌విచ్చూ సొంతదే. పొద్దున సూపర్ మార్కెట్లో అరలు సర్దేది, ఆ యూనిఫాంతోనే ప్రాక్టీసుకి పరిగెత్తేది. తరవాత ఆడవాళ్ళకీ జీతాల కాంట్రాక్టులు మొదలయ్యాయి. ఆమె సంతకం పెట్టిన రోజున వీర్రాజు డిపో అంతటికీ జిలేబీలు పంచాడు. కాకపోతే ఆమె రెండో కీపరు. మొదటి కీపరుది ఏ దేవుడిచ్చిన ఒళ్ళో గానీ, జలుబు కూడా చేసేది కాదు మహాతల్లికి! ఆవిడ దేశం తరఫున ఆడ్డానికి వెళ్ళినప్పుడు దమయంతి మైదానంలోకి దిగేది, ఆవిడ తిరిగి రాగానే బెంచీ ఎక్కేది. తీసేసే ప్రతిసారీ కోచ్ కాఫీకి పిలిచేవాడు, ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగేవాడు, సగం కప్పు అయ్యాక అసలు సంగతి చెప్పేవాడు. చివరికి ఒక సెప్టెంబరులో అలాంటి కాఫీ మీదే కాంట్రాక్టు కూడా పోయింది.

భర్త ప్రణీత్‌కి టొరంటోలో ఉద్యోగం దొరకడంతో ఇద్దరూ కెనడా వచ్చేశారు. ఆమె పియర్సన్ ఎయిర్‌పోర్ట్ పక్కన ఒక కార్గో వేర్‌హౌస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజరుగా చేరింది. పని బాగానే ఉంది, మనుషులూ మంచివాళ్ళే. కానీ తాను ఒకప్పటి క్రికెటర్ని మాత్రమేనని ఒప్పుకోవడానికి ఆమె మనసు ససేమిరా అంది. ఎంత చిన్న జట్టయినా ఫరవాలేదు, 'ఈమె మా కీపరు' అని ఒక్కసారి అనిపించుకోవాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

అదే వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేస్తూ కాలేజీ చదువుతున్న హనుమకొండ అమ్మాయి స్వీటీకి ఒకరోజు ఈ సంగతంతా తెలిసింది. "అక్కా! మా టీముల ఆడుండ్రి అక్కా, కీపర్ లేక సస్తున్నం!" అని అరిచిన అరుపుకి ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు బ్రేకు వేశాడు.

చలికాలం మైదానాలన్నీ మంచు కింద ఉంటాయి కాబట్టి, ఖాళీ గోడౌన్లో పచ్చ కార్పెట్ పరిచి, చుట్టూ వలలు కట్టి, ఆడామగా కలిసి ఆడే సరదా లీగు అది. సరదా అని పేరే గానీ, ఓడిపోయినవాళ్ళు వారం రోజులు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు. ఆడేది టెన్నిస్ బంతితో. కీపరుకి గ్లవ్స్ కూడా ఉండవు.

అక్కడే వచ్చింది చిక్కు. తోలు బంతిని పట్టేటప్పుడు చేతులు మెత్తగా వదిలి, బంతితో పాటు వెనక్కి తీసుకోవాలి. తొందరపడి మూస్తే వేళ్ళు విరుగుతాయి. ఇరవయ్యేళ్ళుగా దమయంతి చేతులు నేర్చుకున్న విద్య అదే. ఆ విద్యంతా ప్రయోగించి మొదటి మ్యాచ్‌లో మొదటి క్యాచ్‌కి నిండు గర్భిణిని పట్టుకున్నంత సుతారంగా చేతులు చాచింది. టెన్నిస్ బంతి అరచేతిలో పడి, కిసుక్కున నవ్వినట్టు ఎగిరి, ఆమె గడ్డానికి తగిలి కింద పడింది. రెండో క్యాచూ అంతే. మూడోది తిన్నగా పోయి అంపైర్ జేబుకి తగిలింది. చిన్నపిల్లలు కూడా పట్టే బంతులు! దమయంతికి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. సాయంత్రానికల్లా గ్రూపులోంచి సింహం మాయమైంది.

మర్నాడు బ్రేక్‌లో స్వీటీ ఒక టెన్నిస్ బంతి పట్టుకుని వచ్చి దమయంతిని కార్గో పెట్టెల మధ్య నిలబెట్టింది.

"అక్కా, మీరు బంతిని రానిస్తున్నరు. రానియ్యొద్దు. గుంజుకోవాలె!"

"అలా గుంజుకుంటే మా కోచ్ చంపేసేవాడండీ."

"ఆ కోచ్ మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ల ఆడిండా? కార్ల కింద దూరితే తెలుస్తుండె ఆయనకు."

దమయంతి తండ్రి దగ్గర నేర్చుకున్న తెలుగు పెద్దవాళ్ళతో మాట్లాడే తెలుగొక్కటే. అందుకే పందొమ్మిదేళ్ళ పిల్లకి కూడా 'అండీ' అంటూ, బుద్ధిగా తలూపుతూ శిష్యరికం చేసింది. బంతి తగలగానే వేళ్ళు టక్కున మూయాలి. వినడానికి ఎంత తేలిక! ఆమె బుర్రకి ఎక్కింది గానీ చేతులకి ఎక్కడానికి వారాలు పట్టింది. పదిలో రెండు పట్టేది, ఆ తరవాత సగం పట్టేది. తీరా సెమీఫైనల్లో కంగారు పుట్టగానే చేతులు మళ్ళీ లెస్టర్ వెళ్ళిపోయాయి. ఒక తేలిక క్యాచ్ జారిపోయింది. టీము ఎలాగో గట్టెక్కింది.

రెండు రోజుల తరవాత దమయంతి షిఫ్ట్ అయ్యే వేళకి రేవంత్ వేర్‌హౌస్ బయట నిలబడి ఉన్నాడు.

"కాఫీ తాగుదామా అక్కా?"

దమయంతికి ఇంక చెప్పక్కర్లేకపోయింది. ఖండాలు మారినా ఈ కాఫీ మారదు కాబోలు! కుర్రాడు కప్పు ముందు పెట్టుకుని వాతావరణం గురించి మాట్లాడాడు, ప్రణీత్ బావగారి ఆరోగ్యం అడిగాడు, చెమటలు కక్కాడు. పాపం, ఇంతకు ముందెప్పుడూ ఎవరినీ తీసెయ్యలేదు.

"ఫైనల్లో నన్ను తీసేస్తున్నారు కదండీ. చెప్పెయ్యండి, ఫరవాలేదు."

"అక్కా, అది కాదు..." రేవంత్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తనీష్‌ని పెడదామని. వాడు చిన్నప్పట్నించీ టెన్నిస్ బాలే కదా."

"మంచి పని చేశారు. నేను ఎక్స్‌ట్రాగా వస్తాను లెండి."

నవ్వుతూనే అంది గానీ, కారెక్కాక స్టీరింగ్ మీద తల వాల్చేసింది. చాలా సార్లు తీసేశారు ఆమెని. ఈసారి నొప్పెట్టినంతగా ఎప్పుడూ నొప్పెట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫైనల్. అవతల బ్రాంప్టన్ జట్టు, గోడౌన్ నిండా జనం, ఈలలు, ఎవరో తెచ్చిన డప్పు. తనీష్ మాత్రం లేడు. వాడు పనిచేసే పిజ్జా షాపులో ఇంకొకడు రాకపోయేసరికి మేనేజరు వీణ్ణి వదల్లేదట. రేవంత్ తల పట్టుకుని దమయంతి వైపు చూశాడు. ఆమె అప్పటికే జుట్టు ముడేసుకుంటోంది.

ఆ పూట ఆమె ఒక్క బంతీ జారవిడవలేదు. కష్టమైనవి రాలేదన్నది కూడా నిజమే అనుకోండి. బ్రాంప్టన్‌కి చివరి ఓవర్లో ఆరు పరుగులు కావాలి. స్వీటీ బంతి అందుకుంది. సరిగ్గా అప్పుడే షాపు టోపీ కూడా తియ్యకుండా తనీష్ బూట్ల నిండా మంచుతో ఊడిపడ్డాడు. ఓవరుకీ ఓవరుకీ మధ్య మనిషిని మార్చుకోవచ్చని లీగు రూలు. మారుస్తావా అని అంపైర్ రేవంత్‌ని అడిగాడు.

జవాబు రాకముందే దమయంతి నడవడం మొదలుపెట్టింది. కాళ్ళకి అలవాటైన దారి కదా.

"ఎక్కడికక్కా?" అన్నాడు రేవంత్.

"తనీష్ గారు వచ్చారు కదండీ."

"వాడొస్తే వచ్చాడు. మీరెక్కడికి?" అని అంపైర్ వైపు తిరిగి, డప్పు మోతని మించి అరిచాడు. "మార్చేది లేదండీ! మా కీపర్ ఈవిడే!"

దమయంతి గిరుక్కున వెనక్కి తిరిగింది. వికెట్లకి ఇంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు అన్నంత దగ్గరగా వచ్చి నిలబడింది. ఒకటి, ఒకటి, ఏమీ లేదు, ఒకటి, ఒకటి. చివరి బంతికి రెండు కావాలి. బ్యాటు తప్పి వెనక్కి పోయినా చాలు, రెండూ పరిగెత్తేస్తారు.

స్వీటీ గాల్లోకి ఎత్తి నెమ్మదిగా వేసింది. బ్రాంప్టన్ వీరుడు మూడడుగులు ముందుకు దూకి, కళ్ళు మూసుకుని తిప్పాడు. తగల్లేదు. కార్పెట్ మీద పడిన బంతి దెబ్బతిన్న పాములా లేచి నేరుగా దమయంతి మొహం మీదికి వచ్చింది. ఆమె రానివ్వలేదు. గుంజుకుంది! గుంజుకున్న చేత్తోనే వికెట్ల మీద కొట్టింది. స్టాండుతో సహా వికెట్లు ఎగిరి వలలో పడ్డాయి.

అంపైర్ వేలు ఎప్పుడో లేచింది. అయినా దమయంతి అరుస్తూనే ఉంది. కుర్రాళ్ళందరూ మీద పడ్డారు, తనీష్ తన టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టాడు, స్వీటీ ఆమె మెడ పట్టుకుని వేలాడింది. ఊపిరి ఆడక ఎగరొప్పుతూ, బంతిని పిడికిట్లోంచి వదలకుండానే దమయంతి రేవంత్‌ని అడిగింది.

"వచ్చే ఆదివారం ఎవరితోనండీ?"

"ఫైనల్ అయిపోయిందక్కా! ఇంకెవరూ లేరు."

"అయితే వెతకండి ఎవరినైనా!"