జోడు సైకిల్ మీద పెద్దింటివాళ్లు

ఆ రోజుల్లో మనిషి పరువు అతను దేని మీద వచ్చి దిగాడన్న దాన్ని బట్టి ఉండేది. ఏం చదివాడు, ఏం చేస్తున్నాడు అన్నవి తర్వాతి సంగతులు. పెళ్లి పందిరి ముందు ఎవరు జీపు దిగారు, ఎవరు బస్సు దిగి దుమ్ము దులుపుకుంటూ నడిచి వచ్చారు అన్నదే పది ఊళ్లు మాట్లాడుకునేవి. మా తాత గుర్రం దిగేవాడు. మా నాన్న గుర్రపు బగ్గీ దిగేవాడు. నా వంతు వచ్చేసరికి దిగడానికి ఏమీ మిగలలేదు. మాది చితికిపోయిన కుటుంబమని జనం అంటారు. నేను అనను, కొంచెం ఒరిగిందంటాను. ఒరిగిన గోడ పక్కన నిలబడేవాడు మరింత నిటారుగా నిలబడాలి, లేకపోతే చూసేవాళ్లకు రెండూ ఒరిగినట్టే కనిపిస్తాయి. అందుకే ఎనభైల మొదట్లో, ఇరవై రెండేళ్ల వయసులో, నిజామాబాదులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ, ఒక ఆఫీసులో టెంపరరీ గుమాస్తాగా పనిచేస్తూ కూడా నేను కుర్చీకి వీపు ఆనించేవాణ్ని కాదు. (ఆ కుర్చీకి ఆనుకునే పలకే లేదని మా ఆఫీసువాళ్లు బయట చెప్పేవారు. అది అసూయ.)

ఊళ్లో మా కోటలాంటి ఇల్లు, గడి, పోయినప్పుడు మాతో పాటు పట్నానికి వచ్చినవి మూడే: తాత షేర్వాణీ, మా మేనత్త, జోడు సైకిల్. (వస్తువుల లెక్కలో తనను కలిపానని తెలిస్తే మేనత్త ఊరుకునేది కాదు. పైగా షేర్వాణీ తర్వాత తన పేరు రాసినందుకు అసలే ఊరుకునేది కాదు.) జోడు సైకిల్ అంటే రెండు సీట్లు, రెండు హ్యాండిళ్లు, రెండు జతల పెడళ్లు ఉండి ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని తొక్కే బండి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక ఫ్రెంచి ఇంజనీరు దాన్ని ఓడలో తెప్పించుకుని, సాయంత్రాలు భార్యతో కలిసి కాలువ గట్టు మీద తొక్కేవాడట. ఆయన దేశానికి వెళ్లిపోతుంటే మా తాత ఒక గుర్రాన్ని ఇచ్చి దాన్ని తీసుకున్నాడు. గుర్రాన్నిచ్చి సైకిల్ తెచ్చుకున్న మనిషని నవ్వినవాళ్లందరికీ ఆయన ఒకటే చెప్పేవాడట, గుర్రం ముసలిదవుతుంది, ఇది కాదు అని. ఆ మాట అబద్ధమని నాకు తెలిసేనాటికి దాని ముందు గొట్టం మీది ఇత్తడి కోడిపుంజు బిళ్ల ఒక్కటే మెరుస్తోంది. మిగతాదంతా తుప్పు. మేనత్త దాని మీద ఆవకాయ జాడీల మూతలకు కట్టే గుడ్డలు ఆరేసేది.

అలాంటి సమయంలో మా చిన్నాయన కొడుకు తన చెల్లెలి పెళ్లికి పిలవడానికి వచ్చాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఒరిగిన గోడ కింది నుంచి సకాలంలో పక్కకు జరిగి, బోధన్‌లో రైస్ మిల్లు పెట్టుకుని, జీపు కొన్నవాడు. మా వంశంలో ఒక పద్ధతి ఉంది. ఆడపిల్ల పెళ్లయితే పెద్దింటివాళ్లు, అంటే పెద్ద కొడుకు తరఫువాళ్లు, తమ చేతులతో తెచ్చిన చీర కట్టాకే పిల్లను పీటల మీదికి తెస్తారు. మా నాన్న, చిన్నాయన ఇద్దరూ పోయారు కనుక పిల్లనిచ్చేది అన్న, చీర తెచ్చేది నేను, మేనత్త. అన్న చాయ్ తాగి, గదులు రెండూ ఒకసారి చూసి, ఎంతో ప్రేమగా అన్నాడు: "జీపు పంపుత తమ్మీ. అత్తమ్మను తీస్కొని ఆరాంగ రా. బస్సుల యేడ నిలవడుతరు మీరు." వాకిట్లో ఇంటి ఓనరు, పక్క పోర్షన్లో బీడీలు చుట్టే అక్కలు నలుగురు వింటున్నారు. నా వీపు దానంతట అదే నిటారయింది. "మా పెద్దింటోళ్లు ఒకరి బండెక్కి ఎన్నడు రాలే అన్నా. మా బండి మీద మేం వస్తం" అన్నాను. ఏ బండి అని అన్న అడిగాడు. నేను చూపు తిప్పుకోవడానికి పెరటివైపు చూశాను. అక్కడ గుడ్డలు ఆరుతున్నాయి.

పెళ్లికి ఇరవై రోజులుంది. సైకిల్‌ను బస్టాండు వెనక ఉస్తాద్ దుకాణానికి తోసుకెళ్లాను. ఊళ్లో ఆయన ఇప్పని సైకిల్ లేదు. తుప్పు గీకాడు, గొలుసులు రెండూ కిరసనాయిల్లో నానబెట్టాడు, విరిగిన గేర్ల బదులు ఒక్క పళ్లచక్రం వేశాడు. మన ఇరవై ఎనిమిది అంగుళాల టైర్లు అదృష్టం కొద్దీ సరిపోయాయి. అంతా అయ్యాక పని వెనక పెడళ్ల ఇరుసు దగ్గర ఆగింది. సైకిల్ పెడళ్ల ఇరుసుకు రెండు వైపులా రెండు ఇనప కప్పులు మరతో బిగించి ఉంటాయి. మామూలు మరలు ఎడమకు తిప్పితే ఊడుతాయి. కానీ మన దేశపు సైకిళ్లన్నిటికీ గొలుసు వైపు కప్పు మాత్రం ఉల్టా, కుడికి తిప్పితేనే ఊడుతుంది. ఉస్తాద్ కుడికి తిప్పాడు. కదల్లేదు. పానాకు గజం గొట్టం తగిలించి తిప్పాడు. పక్క దుకాణం నుంచి ఇద్దరు పహిల్వాన్లను పిలిచి తిప్పించాడు. మూడు రోజులు తిప్పారు. నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది. మా ఇంటి వస్తువు ఎవడి బలానికీ లొంగదు కదా అని.

మూడో రోజు మధ్యాహ్నం మేనత్త నాకు అన్నం డబ్బా తెచ్చి, కాసేపు నిలబడి చూసి, చాలా నెమ్మదిగా అంది: "ఎందుకు బిగిస్తున్నరు దాన్ని?" ఉస్తాద్ నవ్వాడు. బిగించడం కాదు, ఇప్పుతున్నామని చెప్పాడు. "మా బాపు గట్ల తిప్పకపోతుండె. గా సాబు నేర్పిండు. గిట్ల తిప్పాలె" అని చేత్తో ఎడమకు చూపించింది. నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషికి అన్నం డబ్బా పట్టుకున్న ఆడమనిషి చెప్పడం నాకే బాగా అనిపించలేదు. ఉస్తాద్ ఆమె మాట తీసెయ్యలేక, మర్యాద కోసం పానాను ఎడమకు పెట్టి గొట్టం మీద కాలేసి తొక్కాడు. పెద్ద కేక పెట్టి కప్పు కదిలింది. మేము మూడు రోజులుగా నిజంగానే దాన్ని బిగిస్తున్నాం. ఉస్తాద్ పానా కింద పెట్టాడు. చాయ్ తెప్పించుకుని, సగం సాసర్లో పోసి మేనత్త ముందు పెట్టి, తర్వాత నాతో అన్నాడు: "ఫ్రాన్సోళ్లు మీ ఖాందాన్ లెక్కనే ఉన్నరు దొరా. దునియా అంత అటు తిప్పితే, వాళ్లు ఇటు తిప్పుతరు."

నేను దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను. బండి తయారై తీసుకెళ్తుంటే ఆయన ఇంకో మాట చెప్పాడు. మన కప్పు ఉల్టా ఉండేది ఊరికే కాదు, తొక్కేకొద్దీ ఊడకుండా ఉండడానికి. ఇది సీదా ఉంది కాబట్టి దూరం తొక్కితే వదులవుతుంది, జేబులో పానా పెట్టుకో అన్నాడు. మా తాత షేర్వాణీ జేబులో పానా పెట్టుకుని పెళ్లికి వెళ్లే వంశం కాదని చెప్పాను. ఉస్తాద్ పానాను తుడిచి ఇనప డబ్బాలో వేసుకున్నాడు. ఆ చిన్న శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తుంటుంది.

ఇక వెనక సీటు. స్నేహితులెవరూ ఒప్పుకోలేదు. తొక్కేది మేము, పేరు నీకా అన్నారు. (అది నిజమే.) చివరికి మేనత్త చీరను గోచి పోసి బిగించి తనే ఎక్కింది. పదేళ్లప్పుడు తాత వెనక కూర్చుని కాలువ గట్టంతా తొక్కిందట. యాభై దాటినా ఆ కాళ్లు మరిచిపోలేదు. నేర్చుకోవాల్సిందంతా నేనే. జోడు సైకిల్లో నాలుగు పెడళ్లూ కలిసే తిరుగుతాయి, ఒకరు ఆపితే ఇంకొకరి కాళ్లకు దెబ్బ. తెలిసినవాళ్లు ఎదురైతే హుందాగా తల పంకించడానికి నేను కాలు ఆపేవాణ్ని. ఖిల్లా రోడ్డు మీద రెండుసార్లు ఇద్దరం కందకంలో దిగాం. రెండోసారి లేచి చీర దులుపుకుంటూ ఆమె అంది: "అల్లుడా, నువ్వు ముందట నిటారుగ కూసో. సూసేటోళ్లకు నువ్వు కనవడాలె. నడిపేది నేను సూస్కుంట."

మాఘమాసంలో ఆ రోజు తెల్లవారగానే బయలుదేరాం. నా ఒంటి మీద తాత షేర్వాణీ, మేనత్త ఒడిలో మూట కట్టి నడుముకు బిగించిన పెళ్లిచీర. జానకంపేట దాటేదాకా ఎలా వెళ్లామో చెబితే నమ్మరు. పొలాల్లో పనిచేసేవాళ్లు నిలబడి చూశారు. బస్సులోంచి సగం మంది తలలు బయటపెట్టారు. నా వీపు జన్మలో అంత నిటారుగా లేదు. ఎడపల్లి దాటాక కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. బోధన్ ఇంకా మూడు మైళ్లుందనగా వెనక పెడళ్లు అటూ ఇటూ ఊగసాగాయి. దిగి చూస్తే కప్పు సగం బయటికి వచ్చి ఉంది.

అది చెరుకు నరికే కాలం. ఫ్యాక్టరీ గేటు దాకా చెరుకు బండ్ల వరస నిలిచి ఉంది. ఒక ట్రాక్టరు తొందరపడి పక్క నుంచి దూరబోయి ట్రాలీ ఒరిగి, చెరుకంతా రోడ్డుకు అడ్డంగా పడింది. పొద్దుటి నుంచి కదలని బండ్లవాళ్లు నలభై మందికి వేరే పని లేదు. అందరూ వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. అవతలి వైపు నుంచి బండ్లను తప్పించుకుంటూ ఒక జీపు వచ్చి, చెరుకు కుప్ప దగ్గర ఆగింది. అన్న దిగాడు. డ్రైవర్ని పంపితే నేను ఎక్కనని తెలిసి తనే వచ్చాడు. తలపాగాతో, పసుపు బట్టలతో, చెమటలతో వచ్చాడు. ముహూర్తం గంటలో ఉంది, పిల్ల చీర కోసం కూర్చుని ఉంది. "ఎక్కు తమ్మీ. నవ్వేటోడు ఎవడు లేడు. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

చెల్లెలు గుర్తొచ్చింది. మేనత్త వైపు చూశాను. ఆమె చీర మూటను ఇంకాస్త బిగించుకుని, "ఇంక గంట ఉన్నది కదా" అంది, అంతే. నేను ఒక ముసలి బండాయన దగ్గర చక్రం శీల అడిగాను. బండి ఎలాగూ కదలదు కనుక ఇచ్చాడు. షేర్వాణీతోనే దుమ్ములో కూర్చుని, శీలను కప్పు అంచు గాట్లో ఆనించి, రాయితో కొట్టి కుడికి తిప్పడం మొదలుపెట్టాను. నలభై మందీ ఒక్కసారి అందుకున్నారు. వాళ్లంతా సైకిళ్లు తొక్కేవాళ్లే, ఇప్పేవాళ్లే. "ఉల్టా తిప్పుతున్నవ్ దొరా. గట్ల తిప్పితే ఊడుతది." ముసలాయన నా చేయి పట్టుకుని ఎడమకు జరపబోయాడు. అన్న కూడా కూర్చుని, బతిమాలుతున్నట్టు, అందరూ చెబుతున్నారు కదా ఒక్కసారి విను తమ్మీ అన్నాడు. నేను వినలేదు. నిజం చెప్పాలంటే సగం దెబ్బల దాకా నాకూ అనుమానం వచ్చింది. ఉస్తాద్ చెప్పింది ఏ వైపు కప్పు గురించో, ఇప్పేటప్పుడు ఎడమా, బిగించేటప్పుడు ఎడమా అని. కానీ అంతమంది ఒకే మాట అంటున్నారు కదా, నాకు వేరే దారి లేదు, కుడికే కొట్టాను. కప్పు ఒక్కో గాటూ లోపలికి పోయింది. చివరి దెబ్బకు చప్పుడు మారింది. పెడళ్లు ఊగడం ఆగింది. నలభై మందీ కప్పు చూడడానికి వంగారు. ముసలాయన శీల తీసుకుని, కప్పును, తర్వాత నన్ను చూసి, "ఇది మన దేశంది కాదు" అన్నాడు. ఏది అన్నది చెప్పలేదు.

చెరుకు కుప్ప పక్కన మనిషి నడిచేంత సందు ఉంది. అందులోంచి సైకిల్‌ను దాటించి ఎక్కబోతూ వెనక్కి చూస్తే అన్న జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. జీపు వెనక మరో మూడు ట్రాక్టర్లు వచ్చి ఆగాయి, అది ముందుకూ పోదు, వెనక్కూ పోదు. కన్యాదానం చేయాల్సిన మనిషి. నేను ఏమనాలో వెతుక్కుంటున్నాను, చాలా మాటలు వచ్చాయి నోటిదాకా, అన్నీ చాలా గొప్పవి. మేనత్త మాత్రం వెనక ఉన్న క్యారియరు మీద చేత్తో తట్టి, "ఎక్కు బిడ్డా, కాళ్లు పైకి పెట్టుకో" అంది.

అలా మేము ముగ్గురం బోధన్ చేరాం. ముందు నేను, మధ్యలో మేనత్త, వెనక క్యారియరు మీద తలపాగా ఒక చేత్తో, సీటు ఒక చేత్తో పట్టుకుని, జీపున్న మా అన్న. పందిరి ముందు బ్యాండువాళ్లు వాయించడం ఆపేశారు. నేను చీర మూట విప్పితే దాని మీద నా బొటనవేలి నల్లటి గ్రీజు ముద్ర ఉంది. మేనత్త దాన్ని చూసి, కుచ్చిళ్లలోకి పోతుందిలే అని లోపలికి తీసుకుపోయింది. చెల్లెలు ఆ చీరను ఇప్పటికీ దాచుకుంది, ముద్రతో సహా. అన్న ఆ రోజు సంగతి ఎవరడిగినా, జీపు పంపానండి, వాళ్లే నన్ను తీసుకొచ్చారు అని చెబుతాడు. అందులో మొదటి సగం నాకు నచ్చదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు నేను ప్రతిదాన్నీ కుడికే తిప్పాను. ఆఫీసులో, ఊరి పెద్దల ముందు, పెళ్లి సంబంధాలు చూడడానికి వచ్చినవాళ్ల ముందు. పది మంది ఒక మాట అన్నారంటే చాలు, నాకు ఆ చెరుకు బండ్ల మధ్య కూర్చున్న కుర్రవాడు గుర్తొచ్చేవాడు. లోకంలో ఉన్న కప్పులన్నీ ఫ్రాన్సు నుంచి రాలేదని నాకు ఆలస్యంగా తెలిసింది. చాలావాటిని ఊడగొట్టుకున్నాను. అయినా ఆ కుర్రవాణ్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. వాడి వీపు అంత బాగుండేది.

మేనత్త పోయి ఆరేళ్లయింది. ఆదివారాలు పొద్దున్నే నేనొక్కణ్నే సైకిల్ తీస్తాను. జేబులో ఉస్తాద్ పానా ఉంటుంది. (పోయేముందు ఆయన నాకు ఇచ్చి వెళ్లాడు. తుడిచి మరీ ఇచ్చాడు.) నేను తొక్కుతుంటే వెనక పెడళ్లు కూడా వాటంతట అవే తిరుగుతుంటాయి. మొన్న డిచ్‌పల్లి దారిలో, యూనివర్సిటీ కుర్రాడొకడు మోటారు సైకిల్ నెమ్మది చేసి, "అంకుల్, వెనక సీటు ఖాళీగ పోతుంది" అన్నాడు. హుందాగా తల పంకించాను. కాలు మాత్రం ఆపలేదు. వెనకున్న మనిషికి దెబ్బ తగులుతుంది.