వైకుంఠం పళ్ళు చూసిన ముత్యాలు

మంగళవారం పన్నెండున్నరకు, పత్తర్‌గట్టిలోని వేణుగోపాల్ ముత్యాల దుకాణంలో, మలక్‌పేట నుంచి వచ్చిన విమలాదేవి గారి నల్ల ముత్యాన్ని పరీక్షిస్తుండగా, వైకుంఠం పై వరస పళ్ళు మొత్తం ఊడి గాజు బల్ల మీద పడ్డాయి. ముత్యానికి ఏమీ కాలేదు. విమలాదేవి దాన్ని కొంగుతో తుడిచి భద్రపరుచుకున్నారు. పళ్ళను ఎవరూ తీసుకోకపోవడంతో వైకుంఠమే తీసుకుని, మర్యాదగా అటు తిరిగి పెట్టుకున్నాడు.

అరవై నాలుగేళ్ళ మనిషికి కట్టుడు పళ్ళు ఉండకూడదా అంటారేమో. ఎవరికైనా ఉండొచ్చు, వైకుంఠానికి మాత్రం ఉండకూడదు. ఆ దుకాణంలో కొలువు ఆయన పళ్ళది. అసలు ముత్యాన్ని ముందుపంటి అంచుకు రాస్తే సన్నగా గరగరలాడుతుంది. గాజుపూసయితే నున్నగా జారిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన చేసే పని ముత్యాన్ని పంటికి రాయడం, కళ్ళు మూసుకోవడం, లోకంలో కష్టమంతా తన మీదే పడ్డట్టు నిట్టూర్చడం, ఆ తర్వాత "అసల్" అనో "నకల్" అనో సెలవివ్వడం. ఫలక్‌నుమాలో ఇల్లు, ఇక్కడ స్టూలు, ఈ రెండింటి మధ్య తప్ప ఆయన పెద్దగా తిరిగింది లేదు. పళ్ళు మాత్రం బస్రా చూశాయి, జపాన్ చూశాయి, ఆస్ట్రేలియా బంగారు రంగు ముత్యాలనూ తహితి నల్ల ముత్యాలనూ పలకరించి వచ్చాయి. అంతటి దేశదిమ్మరి పళ్ళు రెండు నెలల కిందట ఒక డాక్టరు గారి స్టీలు పళ్ళెంలో ప్రయాణం చాలించాయి.

ప్లాస్టిక్ పంటికి తహితి ముత్యమూ బఠానీ గింజా ఒకటే. ఆ సంగతి సేఠ్ వేణుగోపాల్‌కు తెలిస్తే పరీక్షలు చేసే మిషను వస్తుంది, వైకుంఠం స్టూలు పోతుంది. జీతం లేకపోయినా రెండు పూటలా తిండికి లోటు లేదు. కాని ఆ స్టూలు మీద లేని వైకుంఠం ఎవరన్నది ఆయనకే తెలియదు. అందుకని ఒక కొత్త శాస్త్రం కనిపెట్టాడు.

"ఎండ నెత్తి దాటాలె అమ్మా, గప్పుడే ముత్యం నిజం జెప్తది," అని పొద్దున వచ్చినవాళ్ళను ఒంటిగంట దాకా కూర్చోబెట్టేవాడు. జనం నమ్మారు. పక్క దుకాణంవాళ్ళు కూడా పాటించసాగారు.

ఒంటిగంటకు భార్య నాగమణమ్మ టిఫిన్ డబ్బా తెచ్చేది. పరదా వెనక భోజనం, అంతకు ముందు ముత్యాలు. ఆమెకు ముప్పై రెండు పళ్ళూ సొంతమే. మొదటి రోజు ఆయన తాతల నాటి విద్య గురించి ఉపోద్ఘాతం మొదలుపెట్టేలోపే ఆమె ముత్యం రాసి చూసి, "బియ్యంల ఇసుక తగిలినట్టున్నది. గింత దానికా ఇన్నేండ్లు కండ్లు మూసుకున్నవ్?" అంది.

ఈ ఏర్పాటు విమలాదేవి కిట్టీ పార్టీ వల్ల చెడింది. ఒంటిగంటకల్లా నల్ల ముత్యంతో అక్కడ ఉండాలని, ఇప్పుడే చూడాలని ఆమె పట్టుబట్టారు. తర్వాత జరిగింది బల్ల మీద అందరూ చూశారు.

"వైకుంఠమన్నా, గివి ఎప్పటి సంది?" అన్నాడు వేణుగోపాల్, చాలా నెమ్మదిగా. ఆ నెమ్మదికే వైకుంఠం స్టూలు దిగి నిలబడ్డాడు.

"రెండు నెలలాయె సేఠ్."

"మరి రెండు నెలల మాల్ ఎవరు చూసిండ్రు?"

వైకుంఠం సీలింగు ఫ్యాను వైపు చూశాడు. ఆ రోజు బస్సు తొందరగా దొరికిన నాగమణమ్మ సరిగ్గా అప్పుడే డబ్బాతో లోపలికి వచ్చి, "ఇయ్యాల ఎన్నున్నయ్? జల్ది తియ్, కూర చల్లగైతది," అంది.

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. వేణుగోపాల్ అసలువీ నకిలీవీ ఏడు పూసలు కలిపి ఆమె చేతిలో పోశాడు. ఆయన చాయ్ చల్లారేలోపు ఆమె నాలుగు ఇటు, మూడు అటు పెట్టింది. ఒక్కటీ తప్పలేదు. అనుమానం తీరక వేణుగోపాల్ తన పంటికీ రాసుకుని చూశాడు. పాన్ గార పట్టిన ఆ పంటికి ఏమీ తెలియలేదు.

చాలాసేపు గడ్డం గోక్కుని, "వదినా, రేపటి సంది మీరు గూడ కూసోండ్రి," అన్నాడు. "రాసి చూసుడు మీరు చూడుండ్రి. కండ్లు మూసుకునుడు అన్ననే మూసుకుంటడు. గిరాకీలొచ్చేది గా నిట్టూర్పు కోసమే."

వైకుంఠం స్టూలును గట్టిగా పట్టుకున్నాడు.

"మరి నాదో?" అని విమలాదేవి ముత్యం చాపారు. నాగమణమ్మ పంటికి రాసి తిరిగి ఇచ్చేసింది.

"నున్నగున్నది. గాజు."

"గాజా! మా ఆడబిడ్డ తహితి పొయ్యి తెచ్చింది! ఫోటో గ్రూపుల గూడ పెట్టిన!" విమలాదేవి వైకుంఠం వైపు తిరిగారు. "నోట్లె పళ్ళే సొంతం గావు, నా ముత్యాన్ని నకిలీదంటరా మీరు?"

"నా పళ్ళు నకిలీవని నేనొప్పుకున్ననమ్మా, ఇగ మీ ముత్యం వంతు."