గుమ్మం దగ్గర ఒక్క నిమిషం

మా సంఘంలో కొత్త సంవత్సరం మొదటి స్త్రీల కూడికలో ఒక అలవాటు ఉంది. తలా ఒక కాగితం ఇస్తారు. ఆ ఏడాది భక్తిలో ఏం చేయదలచుకున్నామో రాసి పాస్టరమ్మగారి చేతికివ్వాలి. ఆవిడ వాటి మీద ప్రార్థన చేసి, కవర్లలో పెట్టి, డిసెంబరులో ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చేస్తారు. ఎన్నో ఏళ్ళుగా అందరికంటే నిండుగా ఉండేది నా కాగితమే. హైస్కూల్లో తెలుగు టీచర్ని, రాయడానికి నాకేం తక్కువ? తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన, రోజుకు మూడు అధ్యాయాలు, శుక్రవారం ఉపవాసం, వారానికో కీర్తన కంఠతా, సాయంత్రం గంటసేపు కుటుంబ ప్రార్థన. అబ్బో, చదివితే ముచ్చటేసేది! మార్చి వచ్చేసరికి నాలుగింటి అలారం మోగి మోగి ఊరుకునేది. బైబిలు పఠనం లేవీయకాండంలో బలుల కొలతల దగ్గర ఆగిపోయేది. శుక్రవారం పరీక్షలనో, నీరసమనో ఏదో ఒక వంక దొరికేది. డిసెంబరులో కవరు చేతికొస్తే విప్పకుండానే బ్యాగులో పడేసేదాన్ని. సిగ్గుండదూ మరి!

ఆ జాబితాలో చివరి మాట మాత్రం ఏటా మారేది కాదు. "మా వారు నోరు తెరిచి ప్రార్థన చేయాలి" అని.

మా వారిది కొల్లేటికోట. కాపురం ఏలూరులోనే అయినా ఆయన మనసంతా అటే. అటువైపే చేపల చెరువులు లీజుకు తీసుకుని చేయిస్తారు. గట్టు మీద నలుగురు కలిస్తే గలగలా మాట్లాడే మనిషి, ప్రార్థన దగ్గరకొచ్చేసరికి తల దించుకుని కూర్చుంటారు. నేను ముగించాక "ఆమేన్" అంటారు. పంతొమ్మిదేళ్ళుగా అంతే. కారణం నేనే.

పెళ్ళయిన కొత్తలో చింతలపూడి దగ్గర మా పుట్టింటికి వెళ్ళాం. మా నాన్నగారు సంఘ పెద్ద. మా ఇంట్లో ప్రార్థనకు ఒక వరస ఉండేది. ముందు స్తుతి, తర్వాత పాపపు ఒప్పుకోలు, తర్వాత కృతజ్ఞత, అన్నీ అయ్యాకే విన్నపాలు. చిన్నప్పుడు వరస తప్పితే మళ్ళీ మొదటినుంచి చేయించేవారు. కొత్త అల్లుడు కదా అని ఆ సాయంత్రం ఆయన్ని ప్రార్థన చేయమన్నారు. ఆయన కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా చెరువులో చేపకి జబ్బు చేసిందండి. రెండ్రోజుల్నించి మందేస్తన్నాం, తగ్గట్లేదండి" అని మొదలుపెట్టారు. దేవుణ్ణి పట్టుకుని అండీ అనేసరికి మా తమ్ముడికి నవ్వాగలేదు. నాకేమో పరువు పోయినట్టయింది. మోచేత్తో పొడిచి, "ముందు స్తుతి చెల్లించండి, అడగడం చివర్లో" అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను గానీ గదంతా వినబడింది. అందరూ కళ్ళు తెరిచారు. ఆయన "ఆమేన్" అనేశారు.

అంతే, ఆయన గొంతు మళ్ళీ ప్రార్థనలో వినలేదు. ఎన్నిసార్లు అడిగినా, "నువ్వు బాగా చేస్తావుగా, కానివ్వు" అనేవారు. మొదట్లో అది మెప్పనుకుని మురిసిపోయాను కూడా. నా తెలివి అంత. ఒక వానాకాలం ఒక చెరువులో చేపంతా చచ్చిపోయింది. ఆయన ఇంటికొచ్చి వరండాలో కూర్చుని పొద్దుగూకేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. నేను పక్కన కూర్చుని వరస తప్పకుండా గంటసేపు ప్రార్థన చేశాను. "ఆమేన్" అని లేచి వెళ్ళిపోయారు. అప్పుడు భయమేసింది నాకు. కష్టమొస్తే ఈయన నాతో చెప్పుకోరు. దేవుడితో చెప్పుకునే నోరు నేనే మూయించాను. ఇక ఎవరితో చెప్పుకుంటారు?

ఈ ఏడాది మా సంఘానికి కొత్త పాస్టరమ్మగారు వచ్చారు. కామవరపుకోట వైపు అమ్మాయి, నాకంటే పదేళ్ళు చిన్నది. కూడిక అయ్యాక నా కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"టీచరుగారూ, ఏమీ అనుకోకండేం. ఇందులో ఈస్టరు దాకా నిలబడేది ఏదండి?"

నాకు ఒళ్ళు మండింది. "అన్నీ నిలబడతాయండి" అన్నాను.

"నిరుడు ఏది నిలబడిందండి?"

ఆ అమ్మాయి వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అదే నన్ను దెబ్బకొట్టింది. తర్వాత కాగితం చివర వేలు పెట్టి చూపించింది.

"ఈ చివర్ది మీ గురి కాదండి, ఆయనది. దాని కోసం మీ చేతిలో ఉన్నదేదైనా ఉంటే రాయండి. ఒక్కటి చాలండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, అది కూడా రాసెయ్యండి" అంటూ కొత్త కాగితం చేతిలో పెట్టింది.

పెన్ను పట్టుకున్నాను. నా చేతిలో ఏముంది? చివరికి చింతలపూడి సంగతి ఆవిడతో చెప్పేశాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబుతుంటే ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కళ్ళు తుడుచుకుని రాశాను: "రోజూ ఉదయం స్టేషనుకు బయల్దేరే ముందు, గుమ్మం దగ్గర, ఒక్క నిమిషం ప్రార్థన. నేను మాట్లాడను."

మా స్కూలు తాడేపల్లిగూడెంలో, రైల్లో వెళ్ళొస్తాను. రోజూ ఏలూరు స్టేషన్లో ఆయన నన్ను బండి మీద దింపి, అటునుంచటే చెరువులకు వెళ్తారు. అమ్మాయి హాస్టల్లో ఉంటుంది కాబట్టి ఇంట్లో ఇద్దరమే. మొదటి రోజు గుమ్మం దగ్గర, "ఏవండీ, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నిలబడదాం. నేనేమీ మాట్లాడను" అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు.

నవ్వకండి, నిమిషం అంటే చిన్నది కాదు. నా నోటి దురద నాకు తెలుసు. గ్యాసు కట్టేశానా, టిఫిను డబ్బా పెట్టుకున్నానా, ఈయన లోపల ఏమనుకుంటున్నారు, అసలు ఏమైనా అనుకుంటున్నారా అని బుర్రంతా రొద. రెండో వారానికి రొద కాస్త తగ్గింది. వంటింటి క్యాలెండరులో రోజూ ఒక టిక్కు పెట్టేదాన్ని. మరిచిపోయిన రోజున స్టేషను బయట బండి ఆపించి మరీ నిలబడ్డాం. నేను హడావిడిగా కళ్ళు తెరిచేస్తే, "నీ నిమిషం ఇంకా అవలేదు" అని ఆయనే ఆటపట్టించేవారు. ఫిబ్రవరిలో ఒకరోజు ధైర్యం చేసి, "ఆరోజు చింతలపూడిలో నేను మధ్యలో మాట్లాడకుండా ఉండాల్సిందండి. తప్పు నాదే" అన్నాను. ఆయన హెల్మెట్ బెల్టు పెట్టుకుంటూ ఆగారు. ఏరోజని అడగలేదు. "ఎక్కు, రైలు టైమవుతంది" అన్నారు. నాకు అది చాలు అనిపించింది.

ఈస్టరు వెళ్ళింది. క్యాలెండరు నిండా టిక్కులే. నా జన్మలో అన్నాళ్ళు నిలబడిన తీర్మానం అదొక్కటే. అయినా ఆయన నోరు మాత్రం తెరవలేదు. నేనూ అడగలేదు.

పోయిన నెల ఒకరోజు తెల్లారేసరికి మబ్బు కమ్మేసి గాలన్నది లేదు. చెరువు కాపలా మనిషి ఫోను చేశాడు. ఆక్సిజన్ చాలక చేప పైకి తేలి నోళ్ళు తెరుస్తోందట, నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరేటర్లు వేసినా లాభం లేదట. ఆయన ముఖం పాలిపోయింది. "మీరు వెళ్ళిపోండి, నేను ఆటోలో పోతాను" అన్నాను. చెప్పుల్లో కాలు పెట్టి, మళ్ళీ తీసి, "నిమిషం ఉండు" అని గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

"ప్రభువా, చేప పైకొచ్చేసిందండి. ఏరేటర్లు తిరుగుతున్నాయి గానీ చాలట్లేదండి. కాస్త గాలి ఆడేలా చూడండి."

అంతలో ఆయన గొంతు ఆగిపోయింది. ఎంతకీ మాట రాకపోయేసరికి కళ్ళు తెరిచాను. ఆయన నావైపే చూస్తున్నారు. నేను ఏమంటానో అని చూస్తున్నారు. పంతొమ్మిదేళ్ళ తర్వాత కూడా, నలభై ఐదేళ్ళ మనిషి, తప్పు రాసిన పిల్లాడిలా నావైపు చూశారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఏమీ అనకుండా తల దించుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి మళ్ళీ గొంతు వినబడింది. "ఈవిడికి మోకాళ్ళ నొప్పులండి. నాతో చెప్పదు. రోజూ గూడెం దాకా నిలబడే వెళ్తంది. రైల్లో కూర్చోడానికి చోటు దొరికేలా చూడండి. ఆమేన్."

"ఆమేన్" అన్నాను. గట్టిగానే అన్నాను.

సాయంత్రం స్టేషను బయట బండితో నిలబడి ఉన్నారు. పదింటికల్లా గాలి లేచిందట, కొంత చేప పోయినా చెరువు నిలబడిందట. అది చెప్పేసి, "సీటు దొరికిందా?" అని ఆత్రంగా అడిగారు.

"ఎక్కడండీ, గూడెం దాకా నిలబడే వెళ్ళాను."

"అయ్యో" అంటూ ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు.

నేను బండెక్కి ఆయన భుజం పట్టుకుని, "రేపు మళ్ళీ అడగండి" అన్నాను.