దొరసాని అడ్వాన్సు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎవరన్నా ఆ మాటెత్తితే "పనీపాటా లేదా మీకు?" అని మొగం మీదే అడిగే రకం నేను. అందుకే ఇది చెప్పాలంటే నా మీద నాకే కోపమొస్తుంది.

యాభైల నాటి సంగతి. నేను కోడలుగా పోయిన ఇంట్లో, ఆదోనిలో, మా మామది పత్తి యాపారం. మిద్దె మీద రెండు గదులు బాడుగకిచ్చేవాడు. ఒక దసరాకు, బొంబాయి పత్తి ఏజెంటు చెప్పి పంపితే ఇంగ్లండు దొరసాని ఒకామె వచ్చి దిగింది. సెలవుల్లో ఊర్లు తిరుగుతా బొమ్మలేసుకునే మనిషి. దేవరగట్టు జాతర చూడాలని వచ్చింది. బాడుగ కాక అడ్వాన్సు గూడా కట్టింది. ఖాళీ చేసినపొద్దు అది వాపసియ్యాలని మాట.

మామను అందరి మాదిరే "అప్పా" అని పిలిచేది. బయటికి పోతా "పోతానప్పా" అనేది. "అట్లనగూడదమ్మా, పోయేటప్పుడు గూడా వస్తాననల్ల" అని నేనే నేర్పిస్తి. "పోయినా వస్తానే, వచ్చినా వస్తానే!" అని ఒకటే నవ్వు. ఆ పొద్దు నుంచి మెట్లు దిగినప్పుడల్లా "వస్తానప్పా" అనడం, మామ తలెత్తకుండా "ఆఁ, రామ్మా" అనడం. మన ఇండ్లల్లో అందరూ అనే మాటే.

జాతర చూసి వచ్చినాక ఆమెకు జ్వరం పట్టుకుంది. చేతిలో ఉండేది రైలు టికెట్టుకే సరిపోతుంది, అడ్వాన్సు ఇస్తే బొంబాయిలో పెద్ద డాక్టరుకు చూపించుకుంటానని అడిగింది. మామ ఆమె గది మంచం మీది ఎమ్మిగనూరు దుప్పటి తెచ్చి ముందర పరిచినాడు. దాని మీద ఆవగింజంత రంగు మరక.

"దుప్పటి పాడు చేస్తివి, గోడలు పాడు చేస్తివి. చెల్లుకు చెల్లు."

నాకు కడుపు మండిపోయింది. "జబ్బుమనిషి దుడ్డు తిని ఏం కట్టుకపోతావు మామా?" అని అందరి ముందరే అరిచినాను. "నోర్ముయ్, లోపలికి పో" అన్నాడు. నా మొగుడు నేల చూస్తా నిలబడినాడు. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దొరసాని నా చెయ్యి ఒకసారి పట్టుకుని, మామ పక్క చూడకుండా జట్కా ఎక్కింది. వస్తానని గూడా అనలేదు.

కొన్నాళ్ళకు ఏజెంటు వచ్చినాడు. ఆమెను ఆస్పత్రిలో చేర్చేసరికే ఆలస్యమైందంట, దక్కలేదంట. మామ "అయ్యో పాపం" అని, ఆ నోటితోనే పత్తి ధర అడిగినాడు. థూ!

మరుసటిరోజు పట్టపగలు. మామ అన్నానికి కూర్చున్నాడు, నేను వడ్డిస్తాండాను. వీధి వాకిట్లో నుంచి "వస్తానప్పా" అని వినపడింది. అదే గొంతు, అదే వంకర తెలుగు. ముద్ద నోట్లో పెట్టుకుంటా, అలవాటు కొద్దీ, మామ "ఆఁ, రామ్మా" అనేసినాడు.

అనేసినాక ఇద్దరం ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం. వాకిట్లో ఎవరూ లేరు. మిద్దె మెట్ల మీద మాత్రం బూట్ల చప్పుడు పైకి పోయింది. గది తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

నా మొగుడు పోయి తోస్తే తలుపు రాలేదు. వడ్రంగిని పిలిపించి గడియ ఊడగొట్టించినాం. గది ఖాళీ. కిటికీలు మూసినవి మూసినట్టే ఉండాయి. కొత్త గడియ బిగిస్తే, అది గూడా మళ్ళా లోపల పడింది. బాడుగకు వచ్చినోళ్ళు సామాను దించకుండానే తిరుక్కునేవాళ్ళు.

మామ బెదిరిపోయి అడ్వాన్సు మొత్తం ఏజెంటు చేతికిచ్చి, ఇంగ్లండులో ఉండే ఆమె చెల్లెలికి పంపించినాడు. ముట్టిందని కబురొచ్చింది. ఇంగ ఐపోయిందనుకుంటిమి. ఆ మధ్యాన్నమే పైన మళ్ళా బూట్ల చప్పుడు.

మామ మెట్ల కింద నిలబడి చేతులు జోడించినాడు. "ఇచ్చేస్తి గదమ్మా, ఇంగ పో తల్లీ." చప్పుడు ఆగలేదు. నా పక్క తిరిగి "నువ్వన్నా చెప్పమ్మా" అన్నాడు.

"నేనేం చెప్పేది మామా? దుడ్డంటే వాపసిస్తివి. రమ్మన్న మాట ఎట్ల వాపసు తీసుకుంటావు?"

మామ మెట్టు మీద కూలబడి ఏడ్చినాడు. నాకు జాలి కలగలేదు, అబద్ధమెందుకు.

అది మా చెవుల భ్రమో, ఇంకేమో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ సంక్రాంతికి పుట్టింటికొచ్చిన మా ఆడబిడ్డ, తిరిగి కాపురానికి పోతా వాకిట్లో నిలబడి "వస్తాను నాయనా" అనింది. మామ పెదాలు బిగబట్టుకుని బిడ్డను చూస్తా నిలబడినాడు గానీ, రామ్మా అనలేకపోయినాడు.