సారు పేరున్న ప్లేటు

ఇబ్రహీంపట్నంలోని మా ఆఫీసులో ఈ రోజు ఏ పాపమూ ఎరుగని మైక్రోవేవ్ ఓవెన్‌కు శిక్ష పడింది.

మా మేనేజరు సారు బొంగులూరులో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి వెళ్లిన మా అందరికీ తలా ఒక మెలమైన్ ప్లేటు రిటర్న్ గిఫ్టుగా ఇచ్చారు. అంచు మీద దంపతుల పేర్లు. మధ్యాహ్నం షహనాజక్క అందులో పప్పన్నం పెట్టి వేడిచేసింది. తీయబోతే ప్లేటు తగిలి వేళ్లు చురుక్కుమన్నాయి, అన్నం మాత్రం చల్లగానే ఉంది.

"ఓవెన్ మంచిగనే ఉందక్కా. వేడంతా ఈ ప్లేటే గుంజుకుంటది, గాజు గిన్నెల పెట్టుకో," అన్నాను. నమ్మలేదు. ఖాళీ ప్లేటు, పక్కన గాజు గ్లాసులో నీళ్లు పెట్టి ఓవెన్ తిప్పి చూపించాను. నీళ్లు గోరువెచ్చనయ్యాయి, ప్లేటు ముట్టుకోలేనంత కాలింది. అందరూ చూశారు.

అంతలో సారు వచ్చారు. "ఏమైందమ్మా?"

"ఓవెన్ ఖరాబైంది సార్," అన్నాడు యాదగిరన్న, కళ్లారా చూసినవాడే. "మీ ప్లేటైతే మస్తుంది."

"అవ్, గది ఎప్పటిసంది గట్లనే సతాయిస్తుంది. రిపేరుకు పంపుండ్రి," అన్నారు సారు.

కాలిన వేళ్లను కుళాయి కింద పెట్టుకున్న షహనాజక్క కూడా తలూపింది.

సాయంత్రం ఓవెన్‌ను హయత్‌నగర్ రిపేరు షాపుకు పంపించారు. దానికి నోరూ లేదు, గృహప్రవేశానికి పిలిచే స్తోమతా లేదు. ప్లేటును మాత్రం శుభ్రంగా తుడిచి, పేర్లు బయటికి కనపడేలా అల్మారాలో నిలబెట్టారు.

మీ ఆఫీసులో సారు పేరున్న వస్తువు ఎప్పుడైనా తప్పు చేసిందా? చేసి ఉంటే చెప్పండి, చూసి వస్తాను.