కంచెకు ఒరిగిన మగ మొక్క

జమైకాలో వెస్ట్‌మోర్లాండ్ కొండవాలున ఐసిల్డాకు ప్రభుత్వ అనుమతి ఉన్న అరెకరం గంజాయి తోట ఉంది. భర్త ఎగ్బర్ట్ చనిపోయిన ఏడాదే అక్టోబరు తుఫానుకు పంటంతా నేలకొరిగింది. అప్పట్నుంచి, పొట్టిగా ఉండి సెప్టెంబరుకే కోతకొచ్చే రకం కోసం ఆమె పంతం పట్టింది. పొట్టివాటి గింజలే దాచేది. మగ మొక్కల్లో అన్నిటికన్నా పొట్టిదాన్ని ఒక్కదాన్నే ఉంచి, మిగతావాటిని పుప్పొడి రాలకముందే పీకేసేది. పీకేటప్పుడు ఒక్కోదానికీ ఊళ్లో తనకు గిట్టని మగాడి పేరు పెట్టి మరీ పీకేది. చర్చి పెద్దనైతే ఏటా నాలుగైదుసార్లు పీకేది.

ఏడో పంట మొత్తం ఒకే ఎత్తున వస్తే, రైతుల సంఘం ఆ గింజల్ని ఐసిల్డా పేరుతోనే పంచుతానంది. సంఘం మనిషి షానెల్ చూడ్డానికి వచ్చే రోజుకి, నలభైలో పదకొండు మొక్కలు ఐసిల్డా తల దాటి నిలబడ్డాయి.

మరిది లిన్వల్ బుర్ర గోక్కున్నాడు. "వదినా, ఆ పిల్ల వచ్చేలోగా పదకొండూ పీకేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాటుకున్నోళ్ల చేలో తెలుస్తుంది. అప్పుడు తిట్టేది నా పేరు పెట్టే కదా."

"అసలివి ఎక్కణ్ణించి ఊడిపడ్డాయి?"

ఐసిల్డా వంగి కలుపు తియ్యసాగింది. షానెల్ వచ్చి అదే అడిగేసరికి చెప్పక తప్పలేదు.

"పోయినేడు ఒక పొడుగు మగ మొక్క కంచెకు ఒరిగి నిలబడిందమ్మా. అచ్చం మా ఆయనే. పనికి పిలిస్తే అక్కడే ఒరిగేవాడు. పీకడానికి చేతులు రాలేదు. ఆదివారం దాకా ఉండనిద్దామనుకున్నా. శుక్రవారమే తోటంతా పుప్పొడి దులిపేశాడు."

"మా అన్న బతికుండగా ఏ పనీ ఇంత చురుగ్గా చెయ్యలేదు" అన్నాడు లిన్వల్.

షానెల్ నవ్వు ఆపుకుంటూ, రకం ఇంకా నిలకడకు రాలేదని కాగితం మీద రాసింది. "ఇంకో రెండు పంటలు చూడాలి ఆంటీ" అంది.

ఐసిల్డాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా మరుసటేడు, ఆ పుప్పొడి తగలకముందు దాచి ఉంచిన ఐదో పంట గింజలతో మళ్లీ మొదలుపెట్టింది. కంచె పక్కన మళ్లీ ఒక పొడుగు మగ మొక్క లేచింది. మళ్లీ ఒరిగింది.

ఈసారి ఆమె ఆదివారం దాకా ఆగలేదు. మొదలు పట్టుకుని, "నువ్వు లేకుండా నిలబడ్డానికి నాకూ ఎనిమిదేళ్లు పట్టింది ఎగ్బర్ట్. ఇక కదులు" అని లాగింది. వేళ్లతో సహా వచ్చింది. మిగతా మగ మొక్కల్ని కుప్పలో పారేసే మనిషి, దాన్ని మాత్రం ఇంట్లోకి తీసుకెళ్లి అతని టోపీ వేలాడే మేకుకు కట్టింది.