పసుపు కలిపిన టబ్బు

తొంభైల్లో మేము శంషాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నేను పత్రికాఫీసుకు, నా భార్య యూనివర్సిటీకి బస్సులో వెళ్లేవాళ్లం. ఆమె పరిశోధన కప్పల మీద. కాళ్లింకా రాని పిల్ల, అంటే తోకకప్ప, కంటి వెనక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. రోగంతో పోరాడే కణాల్లో ఒక రకం, తన ఒళ్లేదో పరాయిదేదో అక్కడే నేర్చుకుంటుంది. గుడ్డు నుంచి వచ్చిన కొత్తలోనే దాన్ని తీసేస్తే ఏమవుతుందన్నది ఆమె ప్రశ్న.

సెలవుల్లో ల్యాబ్‌లో చూసేవాళ్లుండరని, కోత పెట్టిన తోకకప్పలను ఇంటికి తెచ్చి, పెరట్లో రెండు టబ్బుల్లో పెట్టింది. ఒకదాంట్లో గ్రంథి తీసినవి, రెండోదాంట్లో కోత మాత్రం పెట్టి గ్రంథి వదిలేసినవి. రెంటికీ నీళ్లు, తిండి ఒకేలా ఉండాలి.

పక్క వాటాలో ఉండే ఇంటామె ఆదివారం చర్చికి, మిగతా రోజులు కూరగాయల మడికి వెళ్లేది.

"గింత పిల్లలను కోసుడేంది బిడ్డా? మనసెట్లొచ్చింది?"

"మనుషుల జబ్బులు అర్థం కావడానికేనమ్మా."

"ఇగ మనుషులకు కప్పలే దొరికినయా!"

నేను నవ్వాను. నా భార్య నవ్వలేదు.

గ్రంథి తీసినవి జబ్బుపడతాయనుకుంటే, అవే హుషారుగా ఈదుతున్నాయి. కొత్త సంగతి దొరికిందని ఆమె రెండు రోజులు నేల మీద నిలవలేదు. తర్వాత నీళ్లు మారుస్తుంటే ఆ ఒక్క టబ్బు అంచున పసుపు చార కనిపించింది.

"జర పసుపేసిన," అంది ఇంటామె సంబరంగా. "అవే నీరసంగ కనవడ్డయి. పుండు మానొద్దా? ప్రార్థన గూడ చేసిన."

టబ్బు కడిగేస్తే బయట ఎవరికీ తెలియదు. కానీ నా భార్య ఆ ఫలితం వదిలేసింది. "పసుపు కాపాడిందో, వాటంతటవే బతికాయో చెప్పలేనమ్మా. కొత్త గుడ్లు మళ్లీ వచ్చే ఏటి వానలకే."

"అయ్యో! నా వల్ల ఏడాది పోయిందా?"

"మీ తప్పేం లేదు," అని లోపలికొచ్చి నాతో అంది: "అవి జబ్బుపడాలనే చూస్తున్నానని ఆవిడకి ముందే ఎలా చెప్పేదాన్ని?"

మర్నాడు ఇంటామె గగన్‌పహాడ్ వైపు గుంతల్లోంచి బకెట్‌నిండా తోకకప్పలు తెచ్చింది. వాటికప్పటికే కాళ్లొచ్చాయి. ఆ వయసుకి గ్రంథి తన పని చాలావరకు చేసేసి ఉంటుంది, ఇక తీసినా లాభం లేదు.

"ఇవి పనికొస్తయా?"

"వస్తాయమ్మా," అంది నా భార్య. అవి కప్పలై గోడవార వెళ్లిపోయేదాకా వాటికి నీళ్లు మార్చింది.

మరుసటి వానలకు మళ్లీ టబ్బులు పెట్టింది. ఒకసారి ఊరెళ్లాల్సి వచ్చి, ఒక్కరోజు నీళ్లు మార్చమని ఇంటామెను అడిగింది. ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"నన్ను ముట్టనియ్యకు బిడ్డా."

నా భార్య ఆ రోజు ఊరెళ్లలేదు.